డ్యూటీలో మన చేతిలో ఉన్న నిమిషాలు

టైమ్ మేనేజ్‌మెంట్ మీద వచ్చే పుస్తకాలు దాదాపు అన్నీ ఒకే నమ్మకం మీద నడుస్తాయి: ఇరవై నాలుగు గంటలూ మీవే, వాడుకోవడమే మీకు చేతకావడం లేదు. పొద్దున్నే పనుల జాబితా రాసుకోండి, ముఖ్యమైనవి పైన పెట్టండి, ఫోను పక్కన పడేయండి, ఒకసారికి ఒక పనే పట్టుకోండి. గది, ఆ గదికి తలుపు ఉన్నవాళ్లకు ఈ సలహా బాగానే అక్కరకొస్తుంది. ఫిమేల్ వార్డు చూసే సిస్టర్‌కు తలుపెక్కడిది? ఎనిమిదింటికి రాసుకున్న జాబితా తొమ్మిదికల్లా చెల్లదు. ఈలోపు రెండు కొత్త అడ్మిషన్లు, డాక్టరు గారి రౌండ్స్, ల్యాబ్ నుంచి ఫోను, మూలన బెడ్ మీద ఒకావిడకు ఫిట్స్. ఒకసారికి ఒక పనే చేయమన్న పెద్దమనిషి వార్డులో ఒక పూట కూడా నిలబడి ఉండడు.

అందుకే ఈ అధ్యాయంలో రోజంతా సర్దుకోవడం గురించి చెప్పబోవడం లేదు. ఆరు గంటల డ్యూటీలో నర్సు చేతిలో నిజంగా ఉండేవి కొద్ది నిమిషాలే. ఛార్జ్ తీసుకునేవి, మందులు తీసేవి, రాసేవి. వాటిని ఎవరినీ లాక్కోనివ్వకూడదు. మిగతా సమయం రోగులది, డాక్టర్లది, అటెండెంట్లది. అది మన చేతిలో లేనందుకు మనల్ని మనం తిట్టుకునే పనిలేదు. దాన్ని లెక్కగా రాసి పైవాళ్ల బల్ల మీద పెట్టాలి.

మన దగ్గరే చూడండి. ఇబ్రహీంపట్నం మండలం జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉంది. ఎర్దండి లాంటి ఊళ్లలో ఎవరికైనా ఒళ్లు కాలితే ముందు పీహెచ్‌సీ, అక్కడ కాకుంటే మెట్‌పల్లి, కోరుట్ల, అక్కడా కాకుంటే జగిత్యాల. ప్రతి మెట్టు మీదా ఒక నర్సు నిలబడి ఉంటుంది. కింది మెట్టు మీద పంపాలా ఉంచాలా అన్న గుబులు, పై మెట్టు మీద బెడ్డుకు ఇద్దరిని పడుకోబెట్టాల్సి వస్తుందన్న గుబులు. 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు పెరిగాయి. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. జనం సర్కారు దవాఖానాకు రావడం మంచిదే. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది నర్సింగ్ ఆఫీసర్లకు నియామక పత్రాలు ఇవ్వడమూ మంచిదే. కానీ రాష్ట్రంలో మొత్తం ఎందరున్నారన్నది ఈ రాత్రి నీ వార్డుకు అక్కరకు రాదు. ఈ రాత్రి నువ్వొక్కదానివేనా, పక్కన ఇంకొకరున్నారా అన్నదే లెక్క.

ముందు ఛార్జ్ సంగతి. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. మూడుసార్లు వార్డు చేతులు మారుతుంది. ఎలా మారుతుందో మీకు తెలుసు. నైట్ సిస్టర్ భుజాన బ్యాగు అప్పటికే ఎక్కి ఉంటుంది, బస్సు టైమవుతుంటుంది. మహిళలకు జీరో టికెట్ వచ్చిన నాటినుంచి సీటు దొరకడమే గగనం, ఆ తొందర ఆమెది. బల్ల దగ్గరే రిజిస్టర్ తెరిచి, "పన్నెండు ఓకే, పదమూడు ఓకే, పద్నాలుగుకు రెండు యాంటిబయాటిక్స్, పదిహేను ఓకే" అని అప్పగించేస్తుంది. ఆ 'ఓకే'ల్లో ఏదో ఒకటి పదకొండు గంటలకు మన నెత్తిన పడుతుంది. అప్పుడు పోయేది రెండు గంటలు.

ఛార్జ్ బెడ్ దగ్గరే తీసుకోండి. ఇద్దరూ కలిసి నడవండి. ప్రతి బెడ్ దగ్గర నాలుగు చూస్తే చాలు: కాన్యులా పెట్టిన చోట వాపు ఉందా, బాటిల్‌లో ఎంత మిగిలింది, యూరిన్ బ్యాగ్‌లో ఎంత ఉంది, మనిషి ముఖం ఎలా ఉంది. చివరికి ఒక ప్రశ్న తప్పక అడగండి: "అక్కా, ఈ వార్డుల నీకు ఎవర్ని చూస్తే భయమైతున్నది?" రాత్రంతా చూసిన మనిషికి కేస్ షీట్‌లో రాయని అనుమానం ఒకటి ఉంటుంది. ఆ ప్రశ్న అడిగితేనే అది బయటికొస్తుంది. ఆమె చెప్పిన పేరుతోనే మీ డ్యూటీ మొదలుపెట్టండి, ఒకటో నంబర్ బెడ్‌తో కాదు.

డాక్టరుకు రాత్రి ఫోను చేయడంలోనూ చాలా సమయం, చాలా ధైర్యం ఖర్చవుతాయి. తిడతారేమోనన్న బెరుకుతో నీళ్లు నమిలితే అవతలివారికి ఏమీ అర్థం కాదు, "చూస్తుండు" అని పెట్టేస్తారు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో పుట్టి, తర్వాత ఆసుపత్రులకు వచ్చిన ఒక పద్ధతి ఉంది, ఎస్‌బార్ అంటారు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేంటి, నాకేం అనిపిస్తోంది, మీరేం చేయాలి. ఈ వరసలో నాలుగు వాక్యాలు. ఫోను చేసే ముందే కేస్ షీట్ చేతిలో ఉండాలి. ఇలా: "సార్, ఫిమేల్ వార్డు తొమ్మిదో బెడ్‌కు బీపీ 90/70కి పడ్డది, పల్స్ 120, చేతులు చల్లగున్నయ్. డెంగ్యూ, ఇయ్యాల అయిదో రోజు, సాయంత్రమే జ్వరం తగ్గింది. షాక్‌లకు పోతున్నదని నా అనుమానం. మీరు వచ్చి చూడాలె, అప్పటిదాకా ఏ ఫ్లూయిడ్ ఎంత పెట్టమంటరు?" అర నిమిషం మాట. జ్వరం దిగాకే డెంగ్యూలో ప్రమాదమని, పైబీపీకి కింది బీపీకి తేడా ఇరవైకి తగ్గితే ఆలస్యం చేయకూడదని డాక్టరుకు మనం గుర్తు చేయక్కర్లేదు. ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఇక మందులు. డ్యూటీ మొత్తంలో కాపాడుకోవాల్సిన సమయం ఏదైనా ఉంటే ఇదే. సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిస్తుండగా పక్కన నిలబడి గమనించారు. జోహానా వెస్ట్‌బ్రూక్ బృందం 2010లో ఆ ఫలితాలు ప్రచురించింది. మధ్యలో ఎవరైనా ఆపిన ప్రతిసారీ మందు విషయంలో తప్పు జరిగే అవకాశం సుమారు 12 శాతం చొప్పున పెరిగింది. అక్కడి వార్డుల్లోనే అలా ఉంటే, రోగికి ముగ్గురు చొప్పున చుట్టాలుండే మన వార్డు సంగతి చెప్పాలా.

కసురుకుంటే అటెండెంట్ మళ్లీ మళ్లీ వస్తాడు. ఎప్పుడొస్తామో చెబితే ఆగుతాడు. "తాతా, సూది మందు చేతులున్నది. ఇది ఏసి పది నిమిషాలల్ల నీ దగ్గరికే వస్త" అని చెప్పి, అన్నట్టే వెళ్లండి. ఒక్కసారి మాట నిలబెట్టుకుంటే వార్డంతా మీ మాట నమ్ముతుంది. వేటికి ఆగాలో కూడా ముందే తేల్చుకోండి: ఊపిరాడకపోవడం, ఫిట్స్, రక్తం, స్పృహ తప్పడం, కాన్పు. వీటికి చేతిలో ఉన్నది వదిలేసి పరుగెత్తాలి. సర్టిఫికెట్ సంతకం, డిశ్చార్జ్ ఎప్పుడు, ఫ్యాన్ తిరగడం లేదు వంటివి ఆగుతాయి. పరుగెత్తి తిరిగొచ్చాక మందును ఆపిన చోటు నుంచి కాకుండా మొదటి నుంచి, పేరు చదవడం దగ్గర నుంచి చూసుకోవాలి. మందు ఎక్కించి, పేరు రాయకుండా ట్రేలో వదిలేసిన సిరంజి కనిపిస్తే పారేయండి. అందులో ఏముందో గుర్తున్నట్టే ఉంటుంది.

ఎనిమిది గంటల మందులన్నీ సరిగ్గా ఎనిమిదికే పడాలని పరుగులు పెట్టడం ఇంకో సమస్య. నలభై మందికి ఒకే నిమిషంలో మందివ్వడం ఎవరివల్లా కాదు. అమెరికాలో మందుల భద్రత చూసే ఐఎస్‌ఎంపీ సంస్థ ఈ గొడవ చూసే 2011లో మార్గదర్శకాలు రాసింది. సమయం తప్పితే ముప్పు వచ్చే మందులకు అరగంట ముందూ వెనకా. రోజుకు రెండు మూడుసార్లు ఇచ్చే మామూలు మందులకు గంట ముందూ వెనకా. రోజుకొక్కసారి వేసేవాటికి రెండు గంటలు. ఏది ఏ వరసలోకి వస్తుందో మీ ఆసుపత్రి డాక్టర్లతో కూర్చుని ఒక కాగితం మీద రాయించి మందుల ట్రాలీకి అంటించండి. తిండికి ముందు ఇన్సులిన్ పై వరస, కాల్షియం మాత్ర కింది వరస. ఈ ఒక్క కాగితంతో పొద్దుటి హడావుడి సగం తగ్గుతుంది.

"సిస్టరమ్మా, బాటిల్ అయిపొయింది, జర సూడుండ్రి." ఈ కేక ఎన్నిసార్లు వింటారు? దీనికి మందు చుక్కల లెక్కలోనే ఉంది. మామూలు ఐవీ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు, ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. 500 మిల్లీలీటర్లు ఎనిమిది గంటల్లో పోవాలంటే నిమిషానికి 21 చుక్కలు, నాలుగు గంటల్లో అయితే 42. బాటిల్ తగిలించేటప్పుడే చుక్కలు లెక్కపెట్టి, నిలువునా ఒక మైక్రోపోర్ ప్లాస్టర్ అంటించి, సగానికి గీత గీసి పక్కన టైము రాయండి. తొమ్మిదికి పెట్టిన ఎనిమిది గంటల బాటిల్ ఒంటిగంటకు సగం, అయిదుకు ఖాళీ. ఆ గీత అటెండెంట్‌కు చూపించి, "నీళ్లు ఈ గీత కాడికొస్తే నన్ను పిలువు, అంతకన్నా ముందొద్దు. చక్రం మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు" అనండి. అక్షరం రాని ముసలామె కూడా గీతను కాపలా కాస్తుంది. మీరు లేని నిమిషాల్లో ఆమె కళ్లు మీ పని చేస్తాయి. కేకలు తగ్గుతాయి, బాటిళ్లు ఖాళీ అయి ట్యూబులోకి రక్తం ఎక్కడమూ తగ్గుతుంది.

అదే ప్లాస్టర్ గురించి ఇంకో మాట. బీపీ, పల్స్ అన్నీ చూసి, తర్వాత రాద్దామని ఎప్రాన్‌కు ప్లాస్టర్ ముక్క అంటించుకుని దానిమీద అంకెలు రాసుకునే అలవాటు మనలో చాలామందికుంది. కొందరికి అరచేయే రిజిస్టర్. రెండు గంటల తర్వాత చెమటకు 110 కాస్తా 170లా కనిపిస్తుంది. చూసిన చోటే, బెడ్ దగ్గరే కేస్ షీట్‌లో వేసేయండి. డ్యూటీ చివర కూర్చుని గుర్తుచేసుకుంటూ రాసే ముప్పావుగంట మిగులుతుంది. ఆ ముప్పావుగంటకే మనలో చాలామందికి బస్సు తప్పుతుంది.

లేబర్ రూమ్‌లో మాత్రం ఇవేవీ పూర్తిగా పనిచేయవు. బిడ్డ తన టైముకే వస్తుంది. నొప్పులు బలపడ్డాక అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు, తల్లి పల్స్ చూడాలి. నాలుగు గంటలకోసారి బీపీ, టెంపరేచర్, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందన్నదీ చూడాలి. ఇవన్నీ పార్టోగ్రాఫ్‌లో పడాలి. పీహెచ్‌సీలో రాత్రి ఒక్క సిస్టర్, ఒక ఆయా ఉన్నచోట ఇద్దరు తల్లులు ఒకేసారి వస్తే అరగంటల లెక్క ఏమవుతుందో పుస్తకాలు రాసేవాళ్లు చెప్పరు. అక్కడ నర్సు చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కటే: 108కి ఎప్పుడు ఫోను చేయాలి. పార్టోగ్రాఫ్‌లో గీత అలర్ట్ లైను దాటినప్పుడే ఫోను చేయాలి. "ఇంకొంచెం చూద్దాం" అని యాక్షన్ లైను దాకా ఆగితే, బండి రావడానికి, మెట్‌పల్లి చేరడానికి పట్టే సమయాన్ని తల్లి కడుపులోంచి తీసినట్టే. "ఊరికే పంపిందమ్మా" అని పైవాళ్లు అంటారేమో. అననివ్వండి. రిఫరల్ చీటీ మీద టైము, చివరి బీపీ, బిడ్డ గుండె లెక్క రాసి పంపితే ఆ మాట నిలబడదు. తెలంగాణలో వందకు 60 కాన్పులకు పైగా సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ సర్వేలో దేశంలో ఇదే అత్యధికం. మామూలు కాన్పు కోసం ఓపికపట్టే సిస్టర్ల విలువ అందుకే ఎక్కువ. ఆ ఓపికకు హద్దు ఎక్కడో గీసేది పార్టోగ్రాఫే.

కొన్ని రోజులుంటాయి, వాటికి ఏ లెక్కా సరిపోదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద జగిత్యాల డిపో బస్సు లోయలో పడింది. కిక్కిరిసిన బస్సు, 60 మందికి పైగా చనిపోయారు. గాయపడ్డవాళ్లలో, చనిపోయినవాళ్లలో చాలామందిని జగిత్యాల ఆసుపత్రికి తెచ్చారు. అలాంటి పూట ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. అరిచేవాడికి ఊపిరి ఉంది, మాట్లాడకుండా పడున్నవాళ్ల దగ్గరికి ముందు పోవాలి. ఎవరు ఆక్సిజన్ చూస్తారు, ఎవరు మణికట్టుకు ప్లాస్టర్ చుట్టి పేరు, టైము రాస్తారు, ఎవరు బంధువులతో మాట్లాడతారు అన్నది మామూలు రోజుల్లోనే తేల్చుకుని ఉండాలి. ఆ పూట గడిచాక సిస్టర్లకు ఏం చేయాలన్నది ఎవరూ పట్టించుకోరు. కూర్చోబెట్టి జరిగిందంతా బలవంతాన చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. నీళ్లు, టీ, ఇంటిదాకా తోడు, రేపటి డ్యూటీ మార్చుకునే వీలు. చెప్పాలనుకున్నవాళ్లకు వినే మనిషి. అంతవరకు చాలు.

ఇంటి సంగతికి వద్దాం, ఎందుకంటే ఒత్తిడిలో సగం అక్కడే పేరుకుంటుంది. నైట్ దిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే అత్తమ్మ, పక్కింటి వదిన బీడీల చాట ముందేసుకుని కూర్చుంటారు. "పగలంతా ఇంట్లోనే ఉంటవు గద బిడ్డా" అంటారు. పగటి నిద్ర వాళ్ల కళ్లకు తీరికగా కనిపిస్తుంది. భర్త దుబాయ్‌లో ఉంటే అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక, అతనికి తీరిక దొరికినప్పుడు ఇక్కడ మన నిద్ర సమయం. రాత్రి డ్యూటీల వారంలో ఏ రోజైనా పొద్దున పది నుంచి మూడు వరకు నిద్ర అని ఇంట్లో ఒకే మాట చెప్పండి, మారిస్తే ఎవరూ గౌరవించరు. కిటికీకి ముదురు రంగు చీర కట్టండి. ఫోను సైలెంట్‌లో పెట్టి, దుబాయ్ ఫోను సాయంత్రం డ్యూటీకి బయల్దేరే ముందని ఖాయం చేసుకోండి. డ్యూటీలో రాత్రి మూడు దాటాక టీ తాగితే అది పొద్దుటి నిద్రను తింటుంది. పక్కన ఇంకొకరుండి వార్డు చూసుకుంటానంటే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడం తప్పేం కాదు, దొంగతనంగా కాకుండా చెప్పి పడుకోండి. వరసగా నైట్లు చేసి స్కూటీ మీద హైవే ఎక్కడం మాత్రం వద్దు, బస్సులో నిలబడి వచ్చినా నయమే.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో జ్వరాలు ముదురుతాయి, అప్పుడే బతుకమ్మ, దసరా. సద్దుల బతుకమ్మ రోజు సెలవు అందరికీ కావాలి. ఆ డ్యూటీ చార్ట్ ఆగస్టులోనే గోడకు పడాలి. పోయినేడు ఎవరు వదులుకున్నారో కూడా అందులో రాసి ఉండాలి. ఏటా కొత్తగా చేరిన పిల్లల మీదే దాన్ని రుద్దడం ఏ వార్డుకూ మంచిపేరు తేదు.

అలసటకు, ఆరిపోవడానికి తేడా తెలుసుకోవాలి. సెలవు తీసుకుంటే తీరేది అలసట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను పని వల్ల వచ్చే పరిస్థితిగా నిర్వచించి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద మనసు విరిగి దూరం జరగడం, చేసేదేదీ సరిగ్గా చేయడం లేదన్న భావన. వార్డు భాషలో చెప్పాలంటే, మనిషి పేరు మరిచి "పదకొండో నంబర్ గొడవ" అనడం మొదలవుతుంది. చేయి వణికే ముసలాయన మీద అరిచి, తర్వాత అరిచినట్టు కూడా గుర్తుండదు. బస్టాండ్‌లో మెట్‌పల్లి బస్సు కనిపించగానే కడుపులో తిప్పుతుంది. ఇవి వారాల తరబడి ఉంటే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మీద చేయి చేసుకునే అటెండెంట్ల సంగతికి 2008 నాటి చట్టం ఉంది, మూడేళ్ల దాకా జైలు. నర్సులూ అందులోకి వస్తారు. ఫిర్యాదు ఆసుపత్రి పేరు మీద పోవాలి, మీ ఒక్కరి పేరు మీద కాదు.

చివరిగా పైవాళ్ల బల్ల మీద పెట్టాల్సిన లెక్క. 2002లో లిండా ఐకెన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. నర్సుకు ఒక్క రోగి అదనమైన కొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు బర్నవుట్ అయ్యే అవకాశం 23 శాతం చొప్పున ఎక్కువగా కనిపించాయి. కాలిఫోర్నియా 1999లోనే చట్టం చేసి, 2004 నుంచి ఒక నర్సుకు ఇందరికి మించకూడదని అమలు చేసింది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, సెలవుల కోసం పైన 30 శాతం. ఆ లెక్కకూ మన రాత్రి డ్యూటీకీ ఉన్న దూరం టైమ్ మేనేజ్‌మెంట్‌తో తీరేది కాదు. నర్సుకు ధ్యానం నేర్పితే చాలని శిక్షణలు పెట్టే మేనేజ్‌మెంట్లను చూస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి.

కోరుట్ల, మెట్‌పల్లిలలో చిన్న నర్సింగ్ హోమ్‌లలో చేసే పిల్లలకు ఇంకో విషయం తెలియాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడ్డ కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, పని గంటలు, సెలవులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. అడిగేటప్పుడు ఈ మాట చేతిలో ఉంచుకోండి, ఒక్కరుగా కాకుండా నలుగురు కలిసి అడగండి.

ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, ప్రైవేటులోనైనా, ప్రతి నైట్ దిగేముందు రెండు వాక్యాలు రాయండి. మనసులో ఉన్న బాధ, కోపం అందులో వద్దు, అంకెలే చాలు. "రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఫిమేల్ మెడికల్ వార్డులో రోగులు 38, కొత్త అడ్మిషన్లు 6, డ్యూటీలో నర్సు 1. 2 గంటల యాంటిబయాటిక్స్ చివరి రోగికి అందేసరికి 3.40 అయింది." హెడ్ సిస్టర్ ద్వారా సూపరింటెండెంట్ గారికి ఇవ్వండి. ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని ఫోటో తీసి పెట్టుకోండి. వార్డులో అందరూ ఇలా రాస్తే నెల తిరిగాక ముప్పై కాగితాలవుతాయి. జిల్లా నుంచి ఎవరైనా తనిఖీకి వచ్చినప్పుడు వాటిని తేదీల వరసలో కుట్టి వాళ్ల ముందు పెట్టండి.